మైళ్ళ లెక్క, ఏళ్ళ లెక్క: పాత స్పోర్ట్స్ మోటారు సైకిలుపై దూరప్రయాణం

మోటారు సైకిలుపై దూరప్రయాణం చేయదలచినవారికి రెండు మార్గాలున్నాయి. ఆ పనికొరకే రూపొందించిన పెద్ద టూరింగు బండిని కొనడం మొదటిది. ఎత్తైన గాలి అద్దం, వెడల్పాటి ఆసనం, ఇరువైపులా పెట్టెలు గల ఇటువంటి బండి బరువు 350 కిలోలు దాటవచ్చును; ధర ఒక మోస్తరు కారు ధరతో పోటీపడుతుంది. ఇరవై, ముప్పై ఏళ్ళ క్రితం తయారైన స్పోర్ట్స్ మోటారు సైకిలును అందులో చిన్న భాగం ధరకు కొని, దానినే దూరప్రయాణానికి సిద్ధం చేసుకోవడం రెండవది. ఇక్కడ పెరిగిన మన పిల్లలలో కొందరికి ఈ రెండవ మార్గం పట్ల మక్కువ ఎక్కువ. కుర్రవాడు ఉత్సాహంగా వేసవి ప్రయాణానికి పటం ముందు వేసుకొని కూర్చుంటే, తల్లిదండ్రులు "అంత పాత బండి మీద అంత దూరమా?" అని బెంగపడతారు. ఆ ప్రశ్నకు సమాధానం వెదకడానికి యంత్రశాస్త్రం కన్న రసాయనశాస్త్రమే ఎక్కువగా పనికివస్తుందని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఒక బండిని ఉదాహరణగా తీసుకొందాము. హోండా సంస్థ వి.ఎఫ్.ఆర్. 750 అనే మోటారు సైకిలును 1986లో విడుదల చేసి, 1990లోనూ 1994లోనూ సంస్కరించి, 1997 వరకు కొనసాగించింది. 1998లో ఇంధనాన్ని పిచికారీ చేసే పద్ధతి గల 800 సి.సి. నమూనా దాని స్థానంలోకి వచ్చింది. 748 సి.సి. ఇంజనులో నాలుగు సిలిండర్లు రెండు జతలుగా, ఒకదానికొకటి లంబకోణంలో అమరి ఉంటాయి. ఈ అమరిక వలన ప్రధానమైన కంపనాలు ఒకదానినొకటి రద్దు చేసుకొంటాయి. గంటల తరబడి నడిపినా చేతులకు తిమ్మిరి తక్కువ. వాల్వులను తెరిచే కామ్ ఇరుసులను గొలుసుకు బదులుగా పళ్ళచక్రాలు తిప్పుతాయి, కాబట్టి సాగి వదులయ్యే గొలుసు అక్కడ లేదు. వాల్వుల సందులను 16,000 మైళ్ళకొకసారి పరీక్షిస్తే చాలునని తయారీదారులు నిర్ణయించారు. 100 అశ్వశక్తి దరిదాపులో గల ఈ ఇంజనుకు గంటకు 70 మైళ్ళ వేగంతో సాగడానికి అందులో ఐదవ వంతు సరిపోతుంది. పందెపు గుర్రాన్ని నడకలో నడిపించడం వంటిదే ఇది. నూనె వేళకు మారుస్తూ వచ్చినవారి చేతిలో ఇటువంటి ఇంజను లక్ష మైళ్ళు నడవడం వింత కాదు.

లోహభాగాల సంగతి ఇంత ధీమాగా ఉన్నప్పుడు, పాత బండి దారిలో ఎందుకు ఆగిపోతుంది? మోటారు సైకిలులో లోహం కానివి చాలా ఉన్నాయి. టైర్లు, గొట్టాలు, సీళ్ళు రబ్బరువి. బ్రేకులలో ఒక ద్రవం, ఇంజనును చల్లబరచడానికి మరొక ద్రవం, బ్యాటరీలో ఆమ్లం, ట్యాంకులో పెట్రోలు ఉంటాయి. ఇంజను అరుగుదల మైళ్ళ లెక్కన జరుగుతుంది. వీటి ముసలితనం చాలావరకు ఏళ్ళ లెక్కన వస్తుంది. బండి ముందున్న మీటరు మొదటి లెక్కనే చూపుతుంది. రెండవ లెక్కను చూపే మీటరు ఏ బండికీ లేదు.

రసాయన చర్యల వేగం ఉష్ణోగ్రతతో పెరుగుతుందన్నది పాఠకులకు తెలిసిన విషయమే. సాధారణ ఉష్ణోగ్రతల వద్ద ప్రతి 10 సెంటీగ్రేడు డిగ్రీలకు చాలా చర్యల వేగం సుమారు రెట్టింపు అవుతుందని మనం ఒక మోటు లెక్క వేసుకొంటాము. ఈ లెక్కన 20 డిగ్రీల గదిలో నాలుగేళ్ళలో జరిగే మార్పు, 40 డిగ్రీల షెడ్డులో ఒక్క ఏడాదిలోనే జరుగుతుంది. అరిజోనా ఎండలో రేకుల షెడ్డు కింద నిలిపి ఉంచిన బండి, మైళ్ళ లెక్కలో పసిబిడ్డ అయినా ఏళ్ళ లెక్కలో ముదుసలి కావచ్చును.

టైర్ల విషయంలో ఇది ప్రాణాలకు సంబంధించిన సంగతి. చార్లెస్ గుడ్ఇయర్ 1839లో కనిపెట్టిన వల్కనీకరణంలో రబ్బరు పొడవాటి అణువులను గంధకం అక్కడక్కడ వంతెనలు కట్టినట్లు కలుపుతుంది. ఆ వంతెనల వలననే రబ్బరు సాగి, తిరిగి తన ఆకారానికి వస్తుంది. టైరు తయారైన తరువాత కూడ వేడి, ఆమ్లజని కలిసి కొత్త వంతెనలను కడుతూనే ఉంటాయి. వంతెనలు మితిమీరితే రబ్బరు బిరుసెక్కి, తడిరోడ్డును పట్టుకొనే గుణం కోల్పోతుంది. గాలిలో అతి స్వల్పంగా ఉండే ఓజోను, రబ్బరు అణువులలోని ద్విబంధాలను తెంచుతుంది. టైరు పక్కలలో సన్నని బీటలు పడేది అందుకే.

దీనిని ఎదుర్కొనడానికి తయారీదారులు రబ్బరులో ఓజోను నిరోధకాలను, మైనాన్ని కలుపుతారు. అవి నెమ్మదిగా పైకి పాకి, ఒక పలుచని పొరగా కాపలా కాస్తాయి. చక్రం తిరుగుతూ టైరు వంగుతూ ఉంటే ఈ పాకుడు చురుకుగా సాగుతుంది; కదలక నిలిచి ఉన్న టైరులో మందగిస్తుంది. అనగా వాడిన టైరు తన్ను తాను కాపాడుకొంటుంది, వాడని టైరు నిలిచినచోటనే చెడుతుంది. "ముందటి యజమాని 8,000 మైళ్ళే నడిపాడు, టైర్లు ఇంకా కొత్తవే" అన్న మాట విని మురిసిపోవడం అందువలననే ప్రమాదకరం.

టైరు వయస్సు దాని మీదనే రాసి ఉంటుంది. పక్కన 'డాట్' అనే మూడు ఆంగ్లాక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగంకెలు చూడవలెను. మొదటి రెండూ వారాన్ని, తరువాతి రెండూ సంవత్సరాన్ని తెలుపుతాయి. 3223 అని ఉంటే 2023వ సంవత్సరం 32వ వారంలో తయారైనదని అర్థం. చివర మూడంకెలే ఉన్నట్లయితే ఆ టైరు 2000కు ముందుది. దానిమీద వీధి చివరకు కూడ పోరాదు. దూరప్రయాణానికి ఐదారేళ్ళను హద్దుగా పెట్టుకోవడం మంచిది. మన ఉదాహరణలోని బండికి 1990 నుండి ముందు వెనుకల 17 అంగుళాల చక్రాలే ఉన్నాయి. ఆ కొలతలో నేటి రబ్బరుతో చేసిన స్పోర్ట్స్ టూరింగు టైర్లు దొరుకుతాయి కాబట్టి, 1990ల నాటి బండి ఆ ఒక్క విషయంలో తన యవ్వనంలో కన్న మెరుగుగా ఉండగలదు.

ఇక బ్రేకులు. మాంటానా, వయోమింగ్ రాష్ట్రాల నడుమ బేర్‌టూత్ హైవే అనే కొండదారి ఉన్నది. దాని శిఖరం సముద్రమట్టానికి 10,947 అడుగుల ఎత్తున ఉంటే, దిగువన ఉన్న రెడ్ లాడ్జ్ పట్టణం సుమారు 5,500 అడుగుల ఎత్తున ఉన్నది. ఈ దిగుడు 1,640 మీటర్లు అనుకొందాము. బండి, నడిపేవాడు, సామాను కలిపి 320 కిలోలైతే, దిగేలోగా వదిలించుకొనవలసిన స్థితిశక్తి 50 లక్షల జౌళ్ళు దాటుతుంది. 20 డిగ్రీల వద్దనున్న 15 లీటర్ల నీటిని మరుగుదాకా తీసుకురావడానికి చాలినంత వేడి ఇది. కొంత భాగాన్ని గాలి, కొంత భాగాన్ని తక్కువ గేరులో ఉన్న ఇంజను తీసుకొంటాయి. మిగిలినదంతా అరచేయంత బ్రేకు దిమ్మలలోనూ, పలుచని ఉక్కు పళ్ళేలలోనూ వేడిగా మారవలసిందే.

మీట నొక్కిన బలాన్ని చక్రం వద్దకు చేర్చే ద్రవం గ్లైకాల్ ఈథర్ల మిశ్రమం. ద్రవం నొక్కితే నలగదు కాబట్టి బలం పూర్తిగా చేరుతుంది. అయితే ఈ జాతి ద్రవాలకు నీటి మీద మోజు ఎక్కువ. సీళ్ళ గుండా, రబ్బరు గొట్టాల గోడల గుండా గాలిలోని తేమను కొంచెం కొంచెంగా పీల్చుకొంటాయి. డాట్-4 రకం ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల వరకు మరగరాదని ప్రమాణం. అదే ద్రవం 3.7 శాతం నీటిని పీల్చుకొన్న తరువాత 155 డిగ్రీల వరకు ఆగితే చాలునని అదే ప్రమాణం ఒప్పుకొంటున్నది. ఆ నాలుగు పాళ్ళ లోపు నీరు 75 డిగ్రీల భద్రతను మింగివేసినట్లు. ద్రవం మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ఆవిరి నొక్కితే నలుగుతుంది. అప్పుడు మీట హ్యాండిలు దాకా వచ్చి ఆనుతుంది గాని బండి ఆగదు. ఊరిలో సంవత్సరాల తరబడి బయటపడని ఈ లోపం, కొండ దిగువన పది నిమిషాలలో బయటపడుతుంది.

దీనికి విరుగుడు చాలా చౌక. రెండేళ్ళకొకసారి మూత తీయని కొత్త సీసాలోని ద్రవంతో మార్పించవలెను. మూత తీసి నిలువ ఉంచిన సీసా తేమను పీల్చుకొని ఉంటుంది, దానిని వాడరాదు. డాట్-5 అనే సిలికోను జాతి ద్రవాన్ని వీటితో కలపకూడదు. ముప్పై ఏళ్ళ నాటి రబ్బరు గొట్టాలు లోపల ఉబ్బి ఉంటాయి కాబట్టి, ఉక్కుతీగల అల్లిక గల కొత్త గొట్టాలు వేయించడం ఖర్చుకు తగిన పని.

మూడవది పెట్రోలు. అమెరికాలో దాదాపు ప్రతి బంకులోనూ దొరికే పెట్రోలులో 10 శాతం వరకు ఈథైల్ ఆల్కహాలు ఉంటుంది. ఆల్కహాలుకు నీటితోనూ పెట్రోలుతోనూ స్నేహమే. ట్యాంకులోకి చేరిన తేమను అది కొంతవరకు తనలో దాచుకొంటుంది. సాధారణ ఉష్ణోగ్రత వద్ద నీరు సుమారు అర శాతం దాటగానే దాచుకోలేక, నీటితో సహా విడిపోయి ట్యాంకు అడుగుకు చేరుతుంది. ఇంజనుకు పోయే గొట్టం మొదలయ్యేది ఆ అడుగునుండే. మరొక సంగతి: పాత బళ్ళలోని కొన్ని సీళ్ళు, గొట్టాలు నైట్రైల్ రబ్బరుతో చేసినవి. అవి ఆల్కహాలు కలిసిన పెట్రోలులో ఉబ్బి, ఎండినప్పుడు ముడుచుకొని బీటలిస్తాయి. ఫ్లోరిన్ కలిసిన రబ్బరుతో చేసినవి దీనికి బాగా తట్టుకొంటాయి. మార్చేటప్పుడు అటువంటివే అడగవలెను.

15 శాతం ఆల్కహాలు గల ఇ-15 పెట్రోలును మోటారు సైకిళ్ళకు వాడడాన్ని అమెరికా ప్రభుత్వం నిషేధించినది. ఈ హెచ్చరిక పంపు మీదనే అంటించి ఉంటుంది. దూరప్రయాణంలో అలసిన వేళ ఏ గొట్టం చేతికి వస్తే అది పట్టుకొనే అలవాటు మంచిది కాదు. భారతదేశంలో 2025 నాటికి పెట్రోలులో ఆల్కహాలు పాలు 20 శాతానికి చేరినది. 1985 నుండి 1996 వరకు తయారైన యమహా ఆర్.ఎక్స్. 100ను ఇప్పటికీ ప్రాణంగా చూసుకొనే మన అన్నదమ్ములకు కూడ ఈ రబ్బరు గొడవే ఎదురవుతుంది.

బండి నెలల తరబడి నిలిచి ఉంటే పెట్రోలు మరొక విధంగా చెడుతుంది. అందులోని అసంతృప్త అణువులు ఆమ్లజనితో కలిసి జిగురుగా మారతాయి. కార్బ్యురేటరులో ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు పెట్రోలు అందించే రంధ్రం అర మిల్లీమీటరు కన్న సన్ననిది. కొద్దిపాటి జిగురుకే అది మూసుకుపోతుంది. ప్రయాణానికి వారం ముందు మెకానిక్కు వద్దకు పరుగెత్తకుండా, శీతాకాలంలోనే కార్బ్యురేటర్లను శుభ్రం చేయించుకోవడం మేలు.

నాలుగవది విద్యుత్తు. ఆ తరపు బళ్ళలో ఎక్కువ వాటికి ఉన్న ఏర్పాటు ఇది: ఇంజను తిరుగుతున్నంతసేపూ జనరేటరు తన శక్తికొలది కరెంటు పుట్టిస్తుంది, అవసరానికి మించినదానిని రెగ్యులేటరు అనే చిన్న దిమ్మ వేడిగా మార్చి గాలిలోకి వదులుతుంది. అసలు బలహీనత దాని పక్కనున్న తీగల అతుకులలో ఉంటుంది. ఏళ్ళు గడిచినకొద్దీ రాగి మీద ఆక్సైడు పొర పేరుకొని నిరోధం పెరుగుతుంది. 20 ఆంపియర్ల కరెంటు పారేచోట ఓములో పదవవంతు నిరోధం చేరితే అక్కడ పుట్టే వేడి 40 వాట్లు. రేడియో మరమ్మతువారి టంకపు కర్ర వేడి ఇంచుమించు అంతే. ప్లాస్టిక్కు అతుకు కరగడం, బ్యాటరీకి కరెంటు అందకపోవడం, ఊరు కాని ఊరిలో బండి ఆగడం ఆ తరువాతి మెట్లు.

ఒక చవక వోల్టుమీటరుతో దీనిని ముందే పసిగట్టవచ్చును. ఇంజను ఆపి కొన్ని గంటలు ఉంచిన తరువాత మంచి బ్యాటరీ 12.6 వోల్టులకు పైన చూపవలెను. ఇంజను మధ్యరకం వేగంలో తిరుగుతుండగా 13.5 నుండి 14.5 వరకు ఉండవలెను. 13కు లోబడినా, 15 దాటినా ప్రయాణం మానుకొని కారణం వెదకవలెను. సీసపు బ్యాటరీని ఖాళీగా వదిలితే పలకలపై సీసపు సల్ఫేటు గట్టి స్ఫటికాలుగా పెరిగి, తిరిగి కరగనంటుంది. చలికాలంలో సన్నని ఛార్జి పెట్టి ఉంచమనేది అందుకే.

తక్కిన రెండు ద్రవాల సంగతి క్లుప్తంగా చెప్పవచ్చును. కారులో నూనె ఇంజనుకు మాత్రమే పనిచేస్తే, మోటారు సైకిలులో అదే నూనె గేర్లను, క్లచ్చును కూడ తడుపుతుంది. చిక్కదనం నిలపడానికి నూనెలో కలిపిన పాలిమరు గొలుసులను గేర్ల పళ్ళు ముక్కలు చేస్తాయి. కాబట్టి బయలుదేరే ముందు నూనె మార్చి, డబ్బా మీద జాసో ఎం.ఏ. అనే గుర్తు ఉన్నదో లేదో చూడవలెను. ఇంజనును చల్లబరచే ఈథిలీన్ గ్లైకాల్ కూడ కాలక్రమాన ఆమ్లాలుగా మారుతుంది. అల్యూమినియంను కాపాడడానికి అందులో కలిపిన పదార్థాలు ఖర్చయిపోతాయి. పాత పద్ధతి కూలెంటును రెండేళ్ళకొకసారి మార్చడం ఆనవాయితీ.

బండి తరువాత మనిషి. స్పోర్ట్స్ బండి మీద ముందుకు వంగి కూర్చోవలెను. వేగంగా పోయేటప్పుడు ఎదురుగాలి ఛాతీని ఎత్తి పట్టుకొంటుంది కాబట్టి భారం తెలియదు. ఊరి నడుమ నెమ్మదిగా పోయేటప్పుడు అదంతా మణికట్టుల మీద పడుతుంది. హ్యాండిళ్ళను ఒక అంగుళం ఎత్తు చేసే దిమ్మలు దొరుకుతాయి. వాటిని వేసిన తరువాత హ్యాండిలును రెండు వైపులా పూర్తిగా తిప్పి, తీగలూ గొట్టాలూ బిగుసుకోవడం లేదని చూడవలెను. ఒకటిన్నర గంటకొకసారి దిగి నడవడం ఏ దిమ్మ కన్నా మంచి మందు.

ఎడారి దారులలో మరొక జాగ్రత్త ఉన్నది. గాలి ఉష్ణోగ్రత చర్మపు ఉష్ణోగ్రతను, అనగా సుమారు 35 డిగ్రీలను దాటితే, ఒంటికి తగిలే గాలి మనిషిని చల్లబరచడానికి బదులు వేడి చేస్తుంది. అప్పుడు కాపాడేది చెమట ఒక్కటే. ఒక లీటరు చెమట ఆవిరైతే సుమారు 2,400 కిలోజౌళ్ళ వేడి శరీరాన్ని విడిచిపోతుంది. 40 డిగ్రీల ఎండలో కోటు విప్పివేస్తే చెమట క్షణాలలో ఎగిరిపోయి ఒంట్లో నీరు తరుగుతుంది. మన పల్లెలలో నడివేసవి ప్రయాణికులు తలకూ ఒంటికీ గుడ్డ కప్పుకొనే అలవాటులో ఉన్న జ్ఞానం ఇదే. లోపలి చొక్కాను తడిపి, పైన కోటు వేసుకొని, దాహం వేయకముందే నీరు తాగుతూ పోవలెను.

సామాను సర్దడంలో సూత్రం ఒకటే: బరువైనవి కిందుగా, ముందుగా ఉండవలెను. వెనుక ఇరుసుకు వెనుకగా, ఎత్తుగా పేర్చిన బరువు ముందు చక్రాన్ని తేలిక చేసి, మలుపులలో బండిని తూలిస్తుంది. తయారీదారు నిర్ణయించిన బరువు హద్దు దాటరాదు. వెనుక స్ప్రింగును ఆ బరువుకు తగినట్లు బిగించి, టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడే చూడవలెను. నైలాను సంచులు పొగగొట్టానికి తగలకుండా కట్టుకొనవలెను. సాధారణ నైలాను 220 డిగ్రీల వద్దనే కరిగిపోతుంది.

ఈ పనులన్నిటికీ ఒక క్రమం ఉన్నది. డబ్బు పరిమితంగా ఉంటే ముందుగా టైర్లకు, తరువాత బ్రేకు ద్రవానికీ గొట్టాలకూ, ఆ తరువాత బ్యాటరీకీ తీగల అతుకులకూ ఖర్చు చేయవలెను. మెరుగైన గాలి అద్దం, కొత్త ఆసనం చివరికి రావలెను. సిద్ధమైన బండిని నేరుగా 3,000 మైళ్ళకు తీసుకుపోకుండా, పూర్తి సామానుతో ఒక శనివారం 300 మైళ్ళు నడిపి చూడవలెను. కారే సీలు, వదులయ్యే మర, కరిగే అతుకు సాధారణంగా మొదటి 300 మైళ్ళలోనే తమ ఉనికిని చాటుకొంటాయి. అప్పటికి ఇల్లు దగ్గరలోనే ఉంటుంది.

కొనేవారు కూడ ఈ రెండు లెక్కలనూ మనస్సులో ఉంచుకొనవలెను. ఒకే ధరకు రెండు బళ్ళు దొరికాయనుకొందాము. ఒకటి 8,000 మైళ్ళే నడిచి, పదిహేనేళ్ళు షెడ్డులో దుమ్ము కొట్టుకొని ఉన్నది. రెండవది 60,000 మైళ్ళు నడిచినది. దాని యజమాని టైర్లు, ద్రవాలు, గొట్టాలు మార్చినప్పుడల్లా రసీదులు దాచి ఉంచాడు. చూపులకు మొదటిది అందంగా ఉంటుంది. దూరప్రయాణానికి రెండవది తగినది. మొదటిదానిని కొనరాదని కాదు. దాని ధరకు ఈ వ్యాసంలో చెప్పిన మార్పుల ఖర్చంతా కలిపి లెక్క వేసుకోవలెను.

కాబట్టి "అంత పాత బండి మీద అంత దూరమా?" అని బెంగపడే తల్లిదండ్రులు తమ పిల్లలను మూడు ప్రశ్నలు అడగవచ్చును. టైరు మీద అంకెలు ఎంత? బ్రేకు ద్రవం ఎప్పుడు మార్చావు? ఇంజను తిరుగుతుండగా బ్యాటరీ వద్ద ఎన్ని వోల్టులున్నాయి? మూడింటికీ తడుముకోకుండా సమాధానం చెప్పగలిగినవాడి బండికి ముప్పై ఏళ్ళున్నా అభ్యంతరం చెప్పనక్కరలేదు. చెప్పలేనివాడిని, బండి నిరుడు కొన్నదైనా సరే, జవాబులు తెచ్చేదాకా ఇంటి వద్దనే ఉంచడం మంచిది.